మట్టా, ఆల్పైనా?

టెర్మినల్‌లోనే, అంటే కమాండ్లు టైప్ చేసే అక్షరాల తెర మీదే, మెయిల్ చూసుకోవాలనుకునేవాళ్లకు ముందు ఎదురయ్యే ప్రోగ్రాముల పేర్లు మట్, ఆల్పైన్. 1995లో వచ్చిన మట్‌లో సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో మన చేత్తోనే రాసుకోవాలి. వాషింగ్టన్ యూనివర్సిటీలో పుట్టిన పైన్ అనే పాత మెయిల్ ప్రోగ్రాముకు వారసురాలు ఆల్పైన్. అందులో మెనూ తెరిచి ఖాళీలు నింపితే చాలు, మొదటి రోజే మెయిల్ వచ్చేస్తుంది.

అసలు తేడా ఏదైనా చెడిపోయినప్పుడు తెలుస్తుంది. మెయిల్ వస్తోంది, పంపితే మాత్రం పోవడం లేదు అనుకోండి. మట్‌లో నేను ముందు చూసేది, సెట్టింగుల ఫైల్‌లో మెయిల్ పంపే సర్వర్ చిరునామా ఉన్న లైను. పోర్టు నంబరు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు లాంటిది) 465 అయితే చిరునామా మొదట్లో ఎస్‌ఎమ్‌టీపీఎస్ (smtps) అని ఉండాలి, 587 అయితే ఆ మాటలో చివరి ఎస్ ఉండకూడదు. ఆ ఒక్క అక్షరం కోసం నేను ఒక రాత్రంతా జుట్టు పీక్కున్నాను! అప్పటికీ తేలకపోతే మట్‌ను మైనస్ డీ 2 (-d 2) అని ఇచ్చి నడిపితే, సర్వర్‌తో జరిగిన సంభాషణంతా లాగ్ ఫైల్‌లో, అంటే జరిగింది నమోదయ్యే ఫైల్‌లో, కనిపిస్తుంది.

ఆల్పైన్‌లోనూ ఇలా తప్పు పట్టుకునే డీబగ్ సదుపాయం ఉంది కానీ, తప్పు ఏ మెనూలో దాక్కుందో వెతుక్కోవాలి. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా జీమెయిల్ ఒప్పుకోకపోతే రెండింటికీ మందు ఒకటే: యాప్ పాస్‌వర్డ్, అంటే ఇలాంటి ప్రోగ్రాముల కోసం గూగుల్ ఖాతాలో విడిగా తీసుకునే పాస్‌వర్డ్.

కొత్తవాళ్లకు ఆల్పైనే ఇస్తాను. నాకు మాత్రం మట్టే. కొత్త కంప్యూటర్‌లోకి ఆ సెట్టింగుల ఫైల్ కాపీ చేస్తే దాదాపు పని అయిపోయినట్టే.