ఇంట్లోనే మార్చిన కోటెడ్ బ్రేక్ డిస్కులు: బాగా వాడాక నా మాట

నా కారు ముందు చక్రాలకు జింక్ కోటింగ్ ఉన్న మామూలు వెంటెడ్ (లోపల గాలి ఆడే సందులున్న) డిస్కులు నేనే బిగించుకున్నాను. మొదటి సెట్ ప్యాడ్స్ అరిగిపోయి కొత్తవి వేసేటప్పుడు వాటిని మళ్లీ విప్పి చూశాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కొత్త డిస్కు మొదటి వారం ఎలాంటిదైనా బాగానే పట్టుకుంటుంది.

ముందు కోటింగ్ సంగతి. ప్యాడ్ రాసుకునే చోట అది మొదటి కొద్ది బ్రేకులకే పోతుంది, పోవాలి కూడా. రాత్రి వాన పడితే పొద్దున అక్కడ ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. పోత ఇనుము కదా, రెండు మూడు సార్లు బ్రేక్ నొక్కితే అదే పోతుంది. మనం డబ్బు పెట్టేది మధ్య భాగానికి, అంచులకి, లోపల గాలి ఆడే సందులకి. అవి ఇప్పటికీ బూడిద రంగులోనే ఉన్నాయి, అంచున అక్కడక్కడ తప్ప. పాత డిస్కులు హబ్‌కి (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగానికి) ఎంతగా అతుక్కుపోయాయంటే, వాటికే ఉన్న రెండు మర రంధ్రాల్లో బోల్టులు బిగించి తోస్తే గానీ ఊడలేదు. ఇవి స్క్రూ తీయగానే చేతికొచ్చేశాయి. కోటింగ్‌కి ఇచ్చిన అదనపు డబ్బు నాకు అక్కడే గిట్టుబాటైంది.

అయితే స్టీరింగ్ వణక్కుండా ఉండటానికి డిస్కు బ్రాండ్ కన్నా హబ్ శుభ్రతే ముఖ్యమని నా నమ్మకం. "డిస్కు వంకరపోయింది" అని అందరూ అంటారు గానీ, చాలాసార్లు జరిగేది వేరు. హబ్ మీద తుప్పు పెచ్చు మిగిలినా, నట్లు ఒక్కోటి ఒక్కో బిగువులో ఉన్నా డిస్కు కాస్త వాలుగా కూర్చుంటుంది. చాలా కార్లకు ఆ ఊగు 0.05 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే బ్రేక్ నొక్కకపోయినా ప్రతి తిరుగుడికీ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటూ ఉంటుంది. వేల కిలోమీటర్లకి అక్కడ మందం మారి, అప్పుడు వణుకు మొదలవుతుంది. పాపం, నింద మాత్రం డిస్కు మీద పడుతుంది. నేను హబ్‌ని వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, నట్లను ఎదురెదురుగా, మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించాను. హైవే మీద గట్టిగా నొక్కినా ఇప్పటికీ వణుకు లేదు. పంక్చర్ షాపులో గాలి గన్‌తో బిగిస్తే మాత్రం ఇంటికొచ్చి వదులు చేసి మళ్లీ బిగిస్తాను. ఇంట్లోవాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది, కనిపించనీ.

అరుగుదల విషయానికొస్తే, కొత్తప్పుడు మందం 22 మిల్లీమీటర్లు. అంచు మీద చెక్కిన కనీస మందం 20. ఇప్పుడు 21.3 ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే అరగని అంచు అడ్డుపడి ఎక్కువ చూపిస్తుంది, మైక్రోమీటర్ వాడాలి.

నచ్చనివీ ఉన్నాయి. డిస్కుతో వచ్చిన స్క్రూ మెత్తది, ఇంపాక్ట్ డ్రైవర్ లేకపోతే తల అరిగిపోయేదే. బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కుదురుకునేలా చేయడం, ఎలాగో పెట్టెలో ఒక్క ముక్క రాయలేదు. నేను ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 20కి మెల్లగా తగ్గిస్తూ పదిసార్ల దాకా చేశాను, మధ్యలో చల్లారనిస్తూ. వేడి మీద బండి ఆపి పెడల్ నొక్కి పట్టుకోకూడదు, ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే అంటుకుంటుంది.

రంధ్రాలున్న డిస్కులు చూడటానికి బాగుంటాయి. రోజూ తిరిగే బండికి వాటివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా పగుళ్లు ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతాయి.

పనికి దిగేవాళ్లు బండిని ఒక్క జాకీ మీద నిలబెట్టి చేయి పెట్టకండి, స్టాండ్ వేయండి. కాలిపర్‌ని (ప్యాడ్స్‌ని పట్టి డిస్కుకి నొక్కే భాగాన్ని) బ్రేక్ గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టండి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు ఫ్లూయిడ్ డబ్బా పొంగుతుందేమో ఒక కన్నేసి ఉంచండి. అంతా అయ్యాక మొదటిసారి పెడల్ నేలదాకా వెళ్లిపోతుంది, గట్టిపడేదాకా కొట్టాకే బండి కదపాలి. వెనక ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ముందుగా సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే ఆ బ్రేక్‌ని నడిపే చిన్న మోటార్ పాడవ్వచ్చు. నా బండికి అదే ఉంది, అందుకే వెనక చక్రాలు మెకానిక్‌కే వదిలేశాను.