పాత పత్రికలా, పెద్దవాళ్ల మాటలా?

సైట్‌లో పెట్టడానికి ఇంకెక్కడా లేని సరుకు కావాలంటే నాకు రెండు చోట్లు కనిపిస్తాయి.

పాత పత్రికలతో మొదలుపెట్టడం తేలిక. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్లు ఉచితంగానే దొరుకుతాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అవి దాటితే కాపీరైట్ ఉండదు. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. చిక్కల్లా టైపింగే. అరసున్నలు, బండి ఱలు, పురుగు తిన్న అంచులు చూస్తే స్కాన్‌లోని అక్షరాల్ని చదివిపెట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. పైగా ఆ స్కాన్ మనకెంత దగ్గరో పక్కవాడికీ అంతే దగ్గర.

పెద్దవాళ్ల దగ్గర ఆ బెడద లేదు. మా పెద్దమ్మను ఆవకాయ కొలతలు అడిగి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. "సోలంటే నాలుగు గిద్దలురా, అదీ తెలీదూ?" అని మొదలెట్టి తవ్వ, మానిక, కుంచం దాకా వెళ్లింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనేవాళ్లట. ఆ మాట ఆవిడ నోట, ఆ దీర్ఘంతో, ఏ స్కాన్‌లో దొరుకుతుంది?

కష్టం లేకపోలేదు. అరగంట మాటలు రాసుకోవడానికి పూట పట్టింది, మధ్యలో మిక్సీ మోత ఒకటి. వేసేముందు ఆవిడకు చదివి వినిపించాలి కూడా. అత్తగారి సంగతులు తీసేయమంది, తీసేశాను.

నా ఓటు పెద్దమ్మకే. ఆవకాయ కొలతలు మాత్రం ఇంకా చెప్పలేదు.