ఏజెంట్ ద్వారా యూఏఈలో టీచర్ ఉద్యోగం ఒప్పుకుని, ఇప్పుడు వద్దనుకుంటున్నారా? బెదిరింపులకు లొంగకండి

యూఏఈ స్కూళ్లలో టీచర్ ఉద్యోగానికి ఏజెంట్ ద్వారా ప్రయత్నిస్తున్న వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ముఖ్యంగా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేసి, ఆ తర్వాత వచ్చిన కాగితాల్లో ఏదో తేడా కనిపించి, ఇప్పుడు వద్దంటే ఏమవుతుందోనని నిద్ర పట్టని వాళ్లు. నేను వద్దన్నాను. ఆ తర్వాత ఏజెంట్ పెట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు. వాళ్లు అన్న మాటల్లో చట్టంలో నిజంగా ఉన్నదేంటో, మనల్ని భయపెట్టడానికి కల్పించి చెప్పిందేంటో ఒక్కొక్కటీ తిరగేసి చూసుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

నాది మ్యాథ్స్. స్కూల్ వాళ్లతో వీడియో ఇంటర్వ్యూ బాగానే జరిగింది, ప్రిన్సిపల్ కూడా మర్యాదగా మాట్లాడారు. ఏజెంట్ పంపిన ఆఫర్ లెటర్‌లో హైస్కూల్ మ్యాథ్స్, నెలకు మొత్తం 9,000 దిర్హాములు, అందులో బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 6,000, ఒక్కరికే ఫ్లాట్, ఏడాదికోసారి టికెట్ అని స్పష్టంగా ఉంది. సంతకం చేసి పంపాను. ఆ తర్వాత సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అవి అసలైనవేనని ప్రభుత్వ ముద్రలు వేయించడం) నడుస్తుండగా అసలు కాంట్రాక్ట్ వచ్చింది. మొత్తం జీతం అదే 9,000. కానీ బేసిక్ 3,500కి దిగిపోయింది, మిగతాదంతా ‘ఇతర అలవెన్సులు’ అని ఒకే ముద్దగా చూపించారు. ఫ్లాట్ కాస్తా ‘షేరింగ్ వసతి’ అయింది. ఇంకో చోట చిన్న అక్షరాల్లో, స్కూల్ అవసరాన్ని బట్టి ఏ సబ్జెక్టుకైనా, ఏ క్లాసుకైనా, ఏ బ్రాంచికైనా మార్చవచ్చు అని ఒక లైను.

మొత్తం జీతం తగ్గలేదు కదా, బేసిక్ ఎంతుంటే ఏంటి అని చాలామంది వదిలేస్తారు. అక్కడే దెబ్బ తగిలేది. యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కగడతారు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. బేసిక్ 6,000 అయితే ఏడాదికి 4,200 దిర్హాములు వస్తాయి, 3,500 అయితే 2,450 మాత్రమే. ఎన్నేళ్లు చేస్తే అన్ని రెట్లు పోగొట్టుకున్నట్టే. కాబట్టి ఆఫర్ లెటర్‌లో, కాంట్రాక్ట్‌లో కింద ఉన్న మొత్తం అంకె ఒకటేనా అని చూసి ఊరుకోకండి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చండి.

ఇదేంటని ఏజెంట్‌ని అడిగితే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. “మేడమ్, అదంతా ఫార్మాలిటీ అండి, అందరికీ ఇలాగే ఇస్తారు, మీరు ముందు అక్కడికి వెళ్లండి, వెళ్లాక ప్రిన్సిపల్ గారితో మాట్లాడుకోవచ్చు.” సరే, ఆ మాటే మెయిల్‌లో రాసి పంపండి అన్నాను. రాయలేదు. ఫోన్ చేస్తే మాత్రం గంటలు గంటలు మాట్లాడతారు. పైగా టర్మ్ మొదలైపోతోంది, వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఆగితే సీటు పోతుంది, విజిట్ వీసా మీద వచ్చేసి క్లాసులు మొదలుపెట్టండి, అక్కడ మార్చేస్తారు అన్నారు. ఆ మాటతోనే నేను తేల్చేసుకున్నాను, ఈ ఉద్యోగం వద్దని. యూఏఈలో విజిట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న వాళ్లకు జరిమానాను 2024లో కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హాములుగా పెంచారు కూడా. అది యజమాని కట్టేది, మనకేం అనుకోవద్దు. పట్టుబడితే అక్రమంగా పని చేసిన మనిషిగా నిలబడేది మనమే, అప్పుడు మన చేతిలో స్కూల్ మీద ఫిర్యాదు చేయడానికి సరైన కాంట్రాక్ట్ కూడా ఉండదు. ఆ సలహా ఇచ్చే ఏజెంట్ ఎంత పెద్ద ఆఫీసు పెట్టుకున్నా నమ్మకండి.

నేను వద్దంటున్నానని మెయిల్ పెట్టిన మరుసటి రోజు నుంచి మొదలైంది అసలు కథ. అప్పటిదాకా ‘మేడమ్ అండి’ అన్న మనిషి గొంతే మారిపోయింది. ఒక నెల జీతం క్యాన్సిలేషన్ చార్జీ కట్టాలన్నారు. కట్టకపోతే గల్ఫ్ మొత్తంలో ఎక్కడా ఉద్యోగం రాకుండా బ్యాన్ వేయిస్తామన్నారు. ఇవి తేలేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంటాయన్నారు.

ముందు బ్యాన్ సంగతి చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ భయపడేది దానికే. బ్యాన్ అనేది పూర్తిగా కట్టుకథ కాదు, అందుకే ఆ బెదిరింపు పని చేస్తుంది. యూఏఈ ప్రైవేటు రంగానికి వర్తించే 2021 కార్మిక చట్టం (33వ నంబరు డిక్రీ చట్టం, 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది) ప్రకారం ప్రొబేషన్, అంటే చేరిన కొత్తలో ఉండే పరీక్షా కాలం, ఆరు నెలలు మించకూడదు. ఆ ప్రొబేషన్‌లో ఉండగా దేశం వదిలి వెళ్లిపోవాలనుకుంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, అక్కడే ఇంకో ఉద్యోగంలోకి మారాలంటే నెల ముందు చెప్పాలి. ఇవేవీ పాటించకుండా చెప్పాపెట్టకుండా దేశం వదిలిపోయిన వాళ్లకు ఏడాది పాటు కొత్త వర్క్ పర్మిట్ ఇవ్వరు. జాగ్రత్తగా చూడండి, ఇది ఉద్యోగంలో చేరి, అక్కడ పని చేస్తూ వెళ్లిపోయిన వాళ్ల గురించి. విమానమే ఎక్కని మనిషికి ప్రొబేషన్ ఎక్కడిది? నాకు వర్క్ పర్మిట్‌కి అప్లై కూడా చేయలేదు. పైగా అది యూఏఈ చట్టం, సౌదీకీ ఖతార్‌కీ దానితో సంబంధం లేదు, గల్ఫ్ మొత్తం అన్న మాటకు అర్థమే లేదు. ఆ క్లాజు నంబరు, నేను ఇంకా చేరలేదన్న విషయం రాసి, నాకు వర్తించే నిబంధన ఏదో చూపించమని మెయిల్ పెట్టాక బ్యాన్ మాట మళ్లీ ఎత్తలేదు.

క్యాన్సిలేషన్ చార్జీ కొంచెం చిక్కు విషయం. అదే చట్టంలో ఆరో ఆర్టికల్ ప్రకారం రిక్రూట్‌మెంట్‌కీ ఉద్యోగంలో పెట్టుకోవడానికీ అయ్యే ఖర్చు నేరుగా గానీ, ఇంకో రూపంలో గానీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో తెచ్చిన 181వ ఒప్పందం కూడా ప్రైవేటు ఏజెన్సీలు ఉద్యోగుల దగ్గర ఫీజు తీసుకోకూడదనే చెప్తుంది, కానీ అన్ని దేశాలూ దాని మీద సంతకం చేయలేదు. ఇండియాలో అయితే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంట్ మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకోవాలి, సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఏజెంట్ పేరు ఆ లిస్టులో ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నిజంగా మీ పేరు మీద ఏదైనా ఖర్చు పెట్టి ఉంటే, మీరు సంతకం చేసిన అగ్రిమెంట్‌లో దాని గురించి ఉంటే, అది వేరే చర్చ. అప్పుడైనా సరే రసీదులు అడగండి. నేను అడిగింది అదే. వర్క్ పర్మిట్ అప్లికేషన్ నంబరు ఇవ్వండి, ఏ తేదీన ఎంత కట్టారో బిల్లు పంపండి, చూసి మాట్లాడతాను అన్నాను. నంబరూ రాలేదు, బిల్లూ రాలేదు, ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం మానేసి, ఏదున్నా మెయిల్‌లో రాయండి అని ఒకే జవాబు పంపాను. ఇది మీరూ చేయండి. నోటితో అరిచిన మాటలు రాయమంటే చాలామంది రాయలేరు, ఎందుకంటే రాస్తే అది సాక్ష్యం అవుతుంది.

అసలు వాళ్లకు ఇంత పట్టుదల ఎందుకో కూడా తెలుసుకోవాలి. మనం చేరితే స్కూల్ నుంచి ఏజెంట్‌కి కమిషన్ వస్తుంది. చాలా ఒప్పందాల్లో టీచర్ కొన్ని నెలల్లోపే వెళ్లిపోతే ఏజెంట్ ఉచితంగా ఇంకొకరిని చూపించాలన్న షరతు కూడా ఉంటుంది. వాళ్లు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా పని చేసేది స్కూల్ కోసమే గానీ మన కోసం కాదు, అందులో తప్పు లేదు, కానీ మన తరఫున మాట్లాడే మనిషి అనుకోవద్దు.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం నేను చాలా నలిగిపోయాను. అటెస్టేషన్‌కి ఒరిజినల్సే కావాలి. మన దగ్గర విద్యాశాఖ, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ ఎంబసీ, చివర్న అక్కడి విదేశాంగ శాఖ, ఇన్ని ముద్రలు పడాలి. డిగ్రీ, బీఎడ్ రెండూ ఏజెంట్ ఆఫీసులో ఇరుక్కుపోయాయి. కష్టపడి చదువుకున్న కాగితాలు ఎవరి బీరువాలోనో ఉండటం, రోజూ అడగడం, రేపు రేపు అనిపించుకోవడం ఎవరికీ రాకూడదు. చివరికి ఏజెంట్‌కి రాయడం ఆపి నేరుగా స్కూల్ హెచ్ఆర్‌కి రాశాను. ఇంటర్వ్యూ లింకు వచ్చిన మెయిల్‌లో వాళ్ల అడ్రస్ ఉంది. ఆఫర్ లెటర్, కాంట్రాక్ట్ రెండూ జతచేసి, తేడాలు రాసి, అందుకే చేరడం లేదని చెప్పి, మీ పేరు మీద నన్ను ఒక నెల జీతం అడుగుతున్నారు, నా సర్టిఫికెట్లు ఆపారు, ఇది మీకు తెలిసే జరుగుతోందా అని అడిగాను. రెండు లైన్ల జవాబు వచ్చింది. అభ్యర్థుల దగ్గర స్కూల్ ఎలాంటి డబ్బూ అడగదని, ఆ ఆఫర్ లెటర్ తాము ఇచ్చింది కాదని. అంటే నేను సంతకం చేసిన ఆ 6,000 బేసిక్ కాగితం ఏజెంట్ ఆఫీసులోనే తయారైంది! ఆ జవాబు ఏజెంట్‌కి ఫార్వర్డ్ చేశాక సర్టిఫికెట్లు కొరియర్‌లో ఇంటికి వచ్చేశాయి.

ఇది ఒక్కరిద్దరికి జరిగే విషయం అనుకోకండి, ఒక్క గల్ఫ్‌లోనే జరిగేదీ కాదు. అమెరికాలో లూసియానా స్కూళ్లకు ఫిలిప్పీన్స్ నుంచి 350 మందికి పైగా టీచర్లను తీసుకెళ్లిన ఒక ఏజెన్సీ ఒక్కొక్కరి దగ్గర దాదాపు 16,000 డాలర్లు వసూలు చేసింది. డబ్బు పూర్తిగా కట్టేదాకా వాళ్ల పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకుంది. ఆ టీచర్లు అందరూ కలిసి కేసు వేస్తే 2012లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో జ్యూరీ 45 లక్షల డాలర్లు చెల్లించాలని చెప్పింది. అందుకే సంతకం చేసిన కాగితాలు, కట్టిన డబ్బుల లెక్కలు మీరూ దాచుకోండి.

వెనక్కి తగ్గాలనుకుంటే ఎంత ముందు చెప్తే అంత మంచిది. ఫోన్ స్విచ్చాఫ్ చేసి మాయమవడం మాత్రం వద్దు. అక్కడ ఒక క్లాసు పిల్లలు టీచర్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు, స్కూల్‌కి ఇంకొకరిని వెతుక్కునే టైమ్ ఇవ్వాలి. మెయిల్ చిన్నగా ఉంటే చాలు. ఫలానా తేదీ ఆఫర్‌ను తీసుకోవడం లేదు, కాంట్రాక్ట్‌లో ఈ షరతులు ఆఫర్‌కి భిన్నంగా ఉన్నాయి, నా ఒరిజినల్స్ ఫలానా తేదీలోపు పంపండి. క్షమాపణలు, ఇంట్లో సమస్యలు, ఆరోగ్యం బాగాలేదనే సాకులు అక్కర్లేదు, వాటిని పట్టుకుని మళ్లీ నచ్చజెప్పడానికి వస్తారు. స్కూల్ హెచ్ఆర్‌ని కాపీలో పెట్టండి.

ఇంకా సంతకం పెట్టని వాళ్లు అటెస్టేషన్ వీలైతే సొంతంగా చేయించుకోండి, తిరగడం కష్టమే గానీ ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంటాయి. అక్కడి కార్మిక శాఖ ఫార్మాట్‌లో ఇచ్చే జాబ్ ఆఫర్ వేరు, ఏజెంట్ లెటర్‌హెడ్ మీద వచ్చేది వేరు, కార్మిక శాఖది చూపించేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా చేయకండి. దుబాయ్ స్కూల్ అయితే అక్కడి ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఆ స్కూల్ తనిఖీ రిపోర్టు తీసి చూడండి, మొదటి పేజీల్లోనే టీచర్ల సంఖ్య, ఏడాదిలో ఎంత శాతం మంది మానేశారో ఉంటుంది. నేను ఒప్పుకున్న స్కూల్‌కి ఆ శాతం పక్కనున్న స్కూళ్లతో పోలిస్తే బాగా ఎక్కువ. అదే స్కూల్లో పని చేసి వచ్చిన ఎవరితోనైనా మాట్లాడించమని ఏజెంట్‌ని అడగండి, కుదరదంటే అది కూడా ఒక సమాధానమే.

అటెస్టేషన్ కోసం నేను కట్టిన డబ్బుకు లెక్క ఇంకా ఇవ్వలేదు, దాని మీద ఫిర్యాదు పెట్టాను, నడుస్తోంది. ఈలోగా అదే ఏజెంట్ సెప్టెంబర్ టర్మ్‌కి మ్యాథ్స్, సైన్స్ టీచర్లు అర్జెంటుగా కావాలని మళ్లీ మెసేజ్‌లు పంపుతున్నారు, అదే 9,000 దిర్హాములు, అదే సింగిల్ ఫ్లాట్, స్కూల్ పేరు మాత్రం లేదు. అలాంటిది మీకు వస్తే సీవీ పంపే ముందే స్కూల్ పేరు అడిగి, ఆఫర్ నిజంగా వాళ్లదేనా అని ఆ స్కూల్ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కి మీరే ఒక మెయిల్ పెట్టండి.