పల్లెటూరి అరుగు మీద నుంచి పక్షులను చూడటానికి 8×42 బైనాక్యులర్

మాఘమాసం చివరి రోజుల నుంచి ఉగాది వరకు నెల్లూరు జిల్లా పల్లెల్లో ఇంటి అరుగు మీద కూర్చుని చూడగలిగినన్ని పక్షులు ఏడాదిలో మరెప్పుడూ కనిపించవు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో కురుస్తాయి కాబట్టి ఫిబ్రవరిలో కూడా చెరువుల్లో నీళ్లుంటాయి. చలికాలానికి వచ్చిన వలస పక్షులు ఇంకా తిరుగు ప్రయాణం కట్టవు, ఊళ్లోనే ఉండే పక్షులేమో గూళ్ల పనిలో పడతాయి. ఈ కాలం కోసమే అయినా సరే, 8×42 కొలత బైనాక్యులర్ కొనదగిన వస్తువని నా అభిప్రాయం. బుచ్చిరెడ్డిపాళెం వైపు, కనిగిరి రిజర్వాయరు ఆయకట్టు కింద, వరి మళ్లను ఆనుకుని ఉన్న మా ఇంట్లో దీన్ని వాడుతున్నాను. నాకు పడిన ధర 11,500 రూపాయలు. ఇదే కొలతలో చాలా కంపెనీలు తయారు చేస్తున్నందువల్ల బ్రాండు పేరు ప్రస్తావించకుండా, ఈ కొలత గురించి, ఈ ధరలో దొరికే నాణ్యత గురించి మాత్రమే రాస్తున్నాను.

కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఆ రెండు అంకెల సంగతి. 8 అంటే వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటికి చేరే కాంతి వలయం వెడల్పు. తెల్లవారుజామున, మునిమాపు వేళ మన కంటిపాప బాగా విప్పారి ఉంటుంది కాబట్టి ఆ మసక వెలుతురులో ఈ వెడల్పే అక్కరకు వస్తుంది. పక్షులు చురుగ్గా తిరిగేదీ ఆ వేళల్లోనే. అదే 20×50 రకం తీసుకుంటే కాంతి వలయం 2.5 మిల్లీమీటర్లకు పడిపోతుంది, చేతి వణుకు ఇరవై రెట్లు పెరుగుతుంది, చూపుకు అందే మేర బాగా ఇరుకైపోయి ఎగిరే పక్షిని పట్టుకోవడమే కష్టమవుతుంది. పైగా మాఘం దాటితే పొద్దు కాస్త ఎక్కేసరికి కోసిన మళ్ల మీద సెగ లేచి గాలి అలలు అలలుగా కదులుతుంటుంది. ఎక్కువ రెట్లు చూపించే పరికరం ఆ కదలికను కూడా అన్ని రెట్లు పెంచి చూపిస్తుంది. పెద్ద పెద్ద అంకెలు రాసి, అద్దాలకు ఎర్రటి పూత పూసి తక్కువ ధరకు అమ్మే రకాల జోలికి అసలు వెళ్లవద్దు. ఆ పూత ఎరుపు కాంతిని వెనక్కి తిప్పి కొడుతుంది గనుక నిండుగా పూసిన మోదుగ చెట్టు కూడా వాటిలోంచి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ పరికరం విలువ నాకు పూర్తిగా తెలిసింది నత్తగుల్ల కొంగలను చూసినప్పుడు. వరికోత యంత్రం వెళ్లిన మడిలో, కాలువ అంచుల్లో అవి బారులు తీరి నిలబడతాయి. ఉత్త కంటికి మామూలు కొంగల్లాగే ఉంటాయి. 8×42 లోంచి చూస్తే మూసిన ముక్కు మధ్యలో కూడా సన్నటి సందు, ఆ సందులోంచి అవతలి పచ్చదనం స్పష్టంగా కనిపిస్తాయి. నీళ్లలో ముక్కు ముంచి, నత్తను గుల్లలోంచి ఊడదీసి, మెత్తటి కండను మాత్రం మింగి ఖాళీ గుల్లను వదిలేసే పని మొత్తం దాన్ని బెదరగొట్టకుండా చూడవచ్చు. ఆ సందు పెద్ద పక్షులకే ఉంటుంది, పిల్లల ముక్కు తిన్నగా మూసుకుంటుంది. కాబట్టి గుంపులో పిల్ల ఏదో, పెద్దది ఏదో కూడా గుర్తుపట్టవచ్చు.

బూరుగ చెట్టు ఆకంతా రాల్చి ఎర్రగా పూసినప్పుడు తేనె కోసం వాలే గులాబీ రంగు గోరింకల గుంపులు మరో వింత. అవి మధ్య ఆసియా వైపు గడ్డి మైదానాల్లో పిల్లలు చేసి, చలికాలానికి మన దగ్గరికి వస్తాయి. వచ్చిన కొత్తలో మాసినట్టుండే ఈకల అంచులు చలికాలమంతా అరిగి, తిరిగి వెళ్లే వేళకు నలుపు నిగనిగలాడుతూ, గులాబీ రంగు తేలి వస్తుంది. ఆ మార్పును వారం వారం చూడటం కన్నా మంచి కాలక్షేపం పల్లెలో మరొకటి ఉందని నేను అనుకోను.

దూరం చూపించడం సరే, దగ్గరి వస్తువు మీద ఫోకస్ ఎంతవరకు కుదురుతుందో తప్పకుండా అడగండి. నా దగ్గరున్నది రెండున్నర మీటర్ల వరకు పనిచేస్తుంది. అందువల్ల అరుగు పక్కనే ఉన్న మునగచెట్టు పూల మీద వాలే తేనెపిట్ట కూడా అందుతుంది. నల్లగా కనిపించే ఆ మగపిట్ట ఎండ పడే వైపు తిరిగిందంటే తల ఊదాగా, మెడ నీలంగా మారుతుంది. ఆడపిట్ట ముందు రెక్కలు విదిలించినప్పుడు చంక కింద దాగిన పసుపు, నారింజ కుచ్చులు క్షణకాలం బయటపడతాయి. నాలుగైదు మీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కాని రకం కొంటే ఇంటి పెరడు మొత్తాన్ని పోగొట్టుకున్నట్టే.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటికీ వెనక అద్దానికీ మధ్య వదలగల దూరం కనీసం 15 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోవాలి, కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి తిప్పి వాడాలి. ఇంట్లో ఒకరు వాడినది మరొకరికి మసకగా కనిపిస్తే పరికరం చెడిపోయిందని అనుకోవద్దు. కుడి కన్ను మూసి నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకుని, తరువాత ఎడమ కన్ను మూసి కుడి గొట్టం మీది చిన్న వలయాన్ని తిప్పితే సరిపోతుంది. మా నాయనమ్మ ఈ రెండు పనులూ తనే చేసుకుని, పొద్దున పూట పాలపిట్ట పల్టీలు చూస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఎండలో తెల్లకొంగను ఆకాశానికి ఎదురుగా చూస్తే దాని అంచు వెంట ఊదారంగు గీత కనిపిస్తుంది. చూపు మేర అంచుల్లో బొమ్మ కొంత మసకబారుతుంది. రెట్టింపు, మూడింతల ధర పెడితే ఈ రెండూ తగ్గుతాయి కానీ ఇంటి దగ్గర వాడకానికి అంత ఖర్చు అవసరమని నాకు తోచలేదు. బరువు 650 గ్రాములకు పైనే, దానికిచ్చిన పట్టీ మాత్రం సన్నది. మెడ నొప్పి పుడుతుంది కాబట్టి వెడల్పాటి పట్టీ విడిగా కొనుక్కోవడం మేలు. నేలపట్టు లాంటి చోటికి తీసుకువెళ్లినప్పుడు ఆ అవసరం బాగా తెలుస్తుంది. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి చేరిన ఆ పక్షుల సంరక్షణ కేంద్రంలో గూడబాతుల పై ముక్కు మీది చుక్కల వరుసను కట్ట మీద నుంచే చూడగలిగాను. గూళ్ల దగ్గరికి ఒక్క అడుగు కూడా వేయనక్కర లేకపోవడం ఆ పక్షులకూ మేలే.

మన సముద్రతీరపు తేమ గాలికి అద్దాల లోపల బూజు పట్టే ప్రమాదం ఉంది కనుక నైట్రోజన్ నింపి బిగించిన రకాన్నే అడగండి. వాడిన తరువాత తోలు సంచిలో పెట్టి బీరువాలో మూసేయకుండా, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచి, పొట్లాలను అప్పుడప్పుడు మారుస్తూ ఉండాలి. పిల్లల చేతికి ఇచ్చేముందు దీనితో సూర్యుడి వైపు ఎంతమాత్రం చూడకూడదని గట్టిగా చెప్పండి, కంటిచూపు శాశ్వతంగా పోతుంది. కొనేటప్పుడు దుకాణం బయటికి వచ్చి దూరపు కరెంటు తీగను చూడండి. తీగ రెండుగా కనిపించినా, కాసేపటికే కళ్లు లాగినా ఆ గొట్టాలు రెండూ సరిగ్గా ఒకే వరుసలో లేవన్నమాట. వెంటనే మరొకటి తీయించి చూడండి.