పీసీపీ రైఫిల్‌కి రెగ్యులేటర్ కిట్: ఆదా అంతా చిన్న స్క్రూలోనే

పీసీపీ ఎయిర్ రైఫిల్ (ముందే ట్యూబ్‌లో నింపిన అధిక ప్రెషర్ గాలితో పేలేది) గాలి ఎక్కువ తాగుతోందనగానే అందరూ చెప్పే మందు రెగ్యులేటర్. ట్యూబ్‌లోకి తోసి బిగించే కొన్ని డ్రాప్-ఇన్ కిట్లలో వచ్చేవి రెగ్యులేటర్, గాలి కారకుండా ఆపే స్పేర్ ఓ-రింగులు, వాల్వ్‌ని కొట్టి తెరిచే హ్యామర్ వెనక స్ప్రింగ్ బిగువు మార్చే అడ్జస్టర్ స్క్రూ. పెట్టె మీద బొమ్మ రెగ్యులేటర్‌దే అయినా, పెట్టిన డబ్బుకి న్యాయం చేసేది ఆ స్క్రూ.

ఎందుకంటే రెగ్యులేటర్ చేసేది వాల్వ్ దగ్గర ప్రెషర్‌ని ఒకేచోట (దీన్నే సెట్ ప్రెషర్ అంటారు) నిలబెట్టడం, అంతే. వాల్వ్ ఎంతసేపు తెరుచుకోవాలో తేల్చేది హ్యామర్ దెబ్బ. 200 బార్‌ని ఎదిరించి వాల్వ్ తెరవడానికి పెట్టిన గట్టి స్ప్రింగ్‌ని 120 బార్‌కి కూడా అలాగే వదిలేస్తే, పెల్లెట్ బ్యారెల్ దాటిపోయాక కూడా గాలి పోతూనే ఉంటుంది. చప్పుడు పెరుగుతుంది, వేగం పెరగదు. పైగా రెగ్యులేటర్ ట్యూబ్‌లో కొంత చోటు తినేస్తుంది. రెగ్యులేటర్ వేశాక షాట్లు తగ్గాయనే వాళ్ల మాటలో అబద్ధమేమీ లేదు.

బిగించేటప్పుడు ముందు బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూసి, గాలి మొత్తం తీసేయాలి. గేజ్ సున్నా చూపిస్తే చాలదు. రెగ్యులేటర్ ఉన్న రైఫిల్‌లో ప్లీనమ్‌లో, అంటే రెగ్యులేటర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఖాళీలో, గాలి నిలిచి ఉండొచ్చు, కాబట్టి సురక్షితమైన దిక్కుకి గురిపెట్టి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఖాళీగా పేల్చాలి. ఓ-రింగులకి పల్చగా సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. పెట్రోలియం గ్రీజు, నూనె అధిక ప్రెషర్ గాలిలో నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఎక్కువమంది చేతిలో ఓ-రింగ్ తెగేది ట్యూబ్ మరల దగ్గర, గేజ్ రంధ్రం అంచు దగ్గర. మరల మీద పల్చటి ప్లాస్టిక్ ముక్క చుట్టి, రంధ్రం దగ్గర మెల్లగా తిప్పుతూ తొయ్యండి. రెగ్యులేటర్ మధ్య భాగం బయటి గాలికి తెరుచుకుని ఉండాలి. ఆ వెంట్ మూసుకుపోయినా, అక్కడి ఓ-రింగ్ కారినా, లోపల స్ప్రింగులా పనిచేసే వాషర్ల వైపు గాలి చేరి సెట్ ప్రెషర్ దానంతటదే పైకి పోతుంది. కిట్‌తో వచ్చే కాగితంలో ఈ ముక్క ఉండకపోతే అది పెద్ద లోపం.

ఇక స్క్రూ సంగతి. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేకుండా దీన్ని ముట్టుకోవద్దు. ఒకే రకం పెల్లెట్లతో పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతి మెట్టుకీ ఐదు షాట్లు రాసుకోండి. ఎంత బిగించినా వేగం పెరగని చోటు వస్తుంది. అది 800 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) అనుకుందాం. అక్కడినుంచి వదులు చేస్తూ 770 దగ్గర ఆపండి. అంటే మూడు నుంచి ఐదు శాతం కిందికి. 8.44 గ్రెయిన్ల పెల్లెట్‌కి అది సుమారు 15 జౌళ్లు. ఆ కాస్త వేగం వదులుకుంటే మిగిలే గాలి చాలా ఎక్కువ.

లెక్క ఇలా కట్టాలి. ట్యూబ్ 150 సీసీ, 200 నుంచి 120 బార్ దాకా వాడితే 12,000 బార్-సీసీ. 60 షాట్లు వస్తే షాట్‌కి 200, 80 వస్తే 150. షాట్ల సంఖ్యని మాత్రమే పోల్చుకుంటే మోసపోతాం, ఎనర్జీ కూడా పక్కన రాసుకోవాలి.

ట్యూన్ కుదిరిందో లేదో చెప్పే గుర్తు ఒకటుంది. ట్యూబ్ ప్రెషర్ సెట్ ప్రెషర్ కన్నా కిందికి జారగానే వేగం వెంటనే పడిపోతే హ్యామర్ ఇంకా ఎక్కువే కొడుతోంది. కాస్త పెరిగి ఆ తర్వాత తగ్గితే సరైన చోటే ఉన్నారు.

రాత్రంతా ఉంచిన రైఫిల్‌లో మొదటి షాట్ వేగం తేడాగా వస్తే రెగ్యులేటర్ సీటు (లోపల గాలిని మూసి ఆపే చోటు) కారుతోందేమో చూడాలి. తమాషా ఏమిటంటే, ప్రెషర్ పైకి పాకినా హ్యామర్ తేలికగా ఉంటే ఆ షాట్ నెమ్మదిగానే వస్తుంది, వాల్వ్ తెరుచుకోవడం కష్టమవుతుంది కాబట్టి. ముందు సీటు మీద దుమ్ము, లోహపు పొడి తుడిచి చూడండి. వెంటవెంటనే పేలిస్తే వేగం తగ్గి, కాసేపు ఆగితే మామూలైతే రెగ్యులేటర్ తిరిగి నింపడం ఆలస్యమవుతోంది.

పేల్చినప్పుడు "బర్ర్" మని సాగిన చప్పుడు వస్తే హ్యామర్ ఎగిరి రెండోసారి వాల్వ్‌ని తడుతోంది. దీనికి అడ్జస్టర్ ఒక్కటీ చాలదు. స్ప్రింగ్ హ్యామర్‌ని కొంత దూరం తోసి వదిలేసే ఫ్రీ-ఫ్లైట్ అమరిక కావాలి. అది ఈ కిట్లలో సాధారణంగా ఉండదు.

కొనేముందు ప్లీనమ్ ఎంతుంటుందో అడగండి. ఫుట్-పౌండ్ (పెల్లెట్ ఎనర్జీ కొలత) ఒక్కోదానికి ఒక సీసీ అన్నది ట్యూనర్ల వాడుక లెక్క; 12 ఫుట్-పౌండ్ల రైఫిల్‌కి ఐదారు సీసీలే మిగిలితే సెట్ ప్రెషర్ పెంచక తప్పదు, దాంతో వాడుకోగల గాలి తగ్గుతుంది. ఇప్పటికే రెగ్యులేటర్‌తో వచ్చిన రైఫిల్ అయితే కిట్ మొత్తం అక్కర్లేదు, అడ్జస్టర్ విడిగా దొరికితే అదొక్కటే తీసుకోండి.