మా హార్డ్‌వేర్ షాపులో ట్యాలీప్రైమ్: ఏడాది వాడాక

తణుకులో మాది హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ షాపు. సిమెంటు కూడా అమ్ముతాం. మామయ్యగారి తర్వాత నేనే చూసుకుంటున్నాను. 2025 సంక్రాంతి వెళ్లాక బిల్లులు, స్టాక్ లెక్కలు చూసే ట్యాలీప్రైమ్ సాఫ్ట్‌వేర్ పెట్టాం. సాఫ్ట్‌వేర్ గురించి కంటే దాన్ని పెట్టిన పద్ధతి గురించే ఎక్కువ రాస్తాను. ఎందుకంటే అంతకుముందు ఇదే కౌంటర్ మీద ఇంకో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మూడు నెలలకే మూలపడింది.

అప్పుడు వచ్చినవాళ్లు ఒక్క మధ్యాహ్నంలో పని ముగించి వెళ్లారు. కంపెనీల ప్రైస్ లిస్టులన్నీ యథాతథంగా ఎక్కించేశారు. పైపు మలుపులో వేసే ముక్కకి లిస్టులో ‘సీపీవీసీ ఎల్బో 25 ఎంఎం’ అని ఉంటుంది. ప్లంబర్ వచ్చి ‘ఇంచు ఎల్బో ఆరు, ముప్పావు టీ నాలుగు’ అంటాడు. మా గుమస్తా బాబాయ్ ముప్పై ఏళ్లుగా ఆ మాటలతోనే సరుకు తీస్తున్నారు. ఎదురుగా నలుగురు నిలబడితే కంప్యూటర్లో వెతికే టైమ్ ఎక్కడిది? చీటీ రాసి ఇచ్చేసేవారు. రాత్రికి ఆ చీటీలన్నీ నేను ఎక్కించాలి. రెండు రోజులు ఎక్కించకపోతే స్టాక్ లెక్క తప్పేది. తప్పు లెక్కని ఎవరూ నమ్మరు, నమ్మని లెక్క కోసం ఎవరూ కష్టపడరు.

ఈసారి మా ఆడిటర్ గారు చెప్తే వచ్చిన కుర్రాడు మూడు రోజులపాటు కంప్యూటర్ ముట్టుకోలేదు. కౌంటర్ పక్కన స్టూల్ వేసుకుని, ఎవరు ఏ వస్తువుని ఏమని అడుగుతున్నారో నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ట్యాలీలో ఒక వస్తువుకి అసలు పేరుతో పాటు ఇంకో పేరు కూడా పెట్టుకోవచ్చు, ఏలియాస్ అంటారు. 25 ఎంఎం ఎల్బోకి ‘ఇంచు ఎల్బో’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. ఇప్పుడు ఆ మాట కొడితే వస్తువు వచ్చేస్తుంది. వైరు కూడా అంతే. కాయిల్ అంటే 90 మీటర్లని ఒకసారి చెప్పిపెడితే, కాయిళ్లలో కొని మీటర్లలో అమ్మినా లెక్క కలుస్తుంది.

అన్నీ ఒకేసారి ఎక్కించనివ్వలేదు. ముందు పైపు ఫిట్టింగులు, వైర్లు మాత్రమే. రెండు ఆదివారాలు షట్టర్ దించుకుని చేత్తో లెక్కపెట్టాం. సిమెంటు బస్తాల వెనక నాలుగు పెట్టెల ఇంచు ఎల్బోలు దొరికాయి. అవి అయిపోయాయనుకుని మళ్లీ ఆర్డరు ఇచ్చాను కూడా! నెల రోజులు పొడుగు పుస్తకం కూడా రాస్తూ, రోజూ రాత్రి రెండూ సరిచూసుకున్నాం. పెయింట్లు, మేకులు, తాళాలు తర్వాత నెమ్మదిగా చేర్చాం.

బాబాయ్ సంగతి చెప్పాలి. రెండో రోజు సాయంత్రం షాపు కట్టేస్తుంటే, ‘ఇంక నేను రావక్కర్లేదా అమ్మా?’ అని అడిగారు. నా గుండె కలుక్కుమంది. మొదటిసారి కూడా ఆయనకి ఇదే భయం ఉండి ఉంటుంది, నేను అడగనే లేదు. ‘ఏ వస్తువు ఎక్కడుందో, దాన్నేమంటారో మీకే తెలుసు బాబాయ్. మీరు చెప్పకపోతే ఇందులో ఎక్కించడానికేముంది?’ అన్నాను. మర్నాటి నుంచి పేర్లు ఆయనే చెప్పి రాయించారు. తెర మీద అక్షరాలు పెద్దవి చేయించాం. ఎఫ్8 నొక్కితే అమ్మకం బిల్లు, ఎఫ్6 నొక్కితే వసూలు. మౌస్‌తో పనిలేకపోవడం ఆయనకి బాగా కలిసొచ్చింది.

2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. సిమెంటు గ్రూపులో కొత్త రేటు, అది అమలయ్యే తేదీ ఒక్కచోట మార్చాం. పాత బిల్లులు పాత రేటుతోనే ఉన్నాయి. పొద్దున షాపు తీసేసరికి కొత్త రేటుతో బిల్లు వచ్చింది.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: సిల్వర్ లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే. రెండు కౌంటర్లుంటే గోల్డ్ కావాలి, ఖర్చు బాగా ఎక్కువ. యూపీఎస్ తప్పనిసరి. రోజూ బ్యాకప్ మీరే తీసుకోవాలి, నేను పెన్‌డ్రైవ్‌లో తీసి ఇంటికి తెచ్చుకుంటాను. డబ్బు కట్టేముందు, పెట్టడానికి వచ్చే మనిషి మీ కౌంటర్ దగ్గర ఎన్ని రోజులు కూర్చుంటాడో అడగండి.

వైరు కోతల్లో మిగిలే మూరెడు, బారెడు ముక్కలకి మాత్రం ఇంకా దారి దొరకలేదు. వాటిని బాబాయ్ ఇప్పటికీ పొడుగు పుస్తకంలోనే రాస్తున్నారు.