ఉబుంటు వేసిన సెకండ్ హ్యాండ్ పీసీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు రిజల్యూషన్ చూడండి

పాత పీసీ, మానిటర్ సెట్‌గా కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. మా చెల్లి ప్రాజెక్టు కోసం ఒక షాపులో ఉబుంటు (విండోస్ బదులు వేసుకునే, లైనక్స్ రకం ఉచిత సిస్టమ్) వేసిన ఆఫీసు పీసీ, ఫుల్ హెచ్‌డీ (1920×1080) మానిటర్ తీసుకున్నాం. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే అక్షరాలన్నీ అడ్డంగా సాగి, మసకగా ఉన్నాయి. తెలుగు చదువుదామంటే వత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరిస్తే అన్నిటికంటే పెద్ద రిజల్యూషన్ (తెర మీద అడ్డం, నిలువు చుక్కల లెక్క) 1024×768, అసలు 1920×1080 అన్నదే లేదు.

ఫోన్ చేస్తే "లైనక్స్ అంటే అంతే సార్, గ్రాఫిక్స్ కార్డు వేయించుకోండి, లేదంటే విండోస్ వేసిస్తాం" అని రెండింటికీ రేటు చెప్పారు. ఈ మాట అస్సలు నమ్మకండి. ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ డ్రైవర్ లైనక్స్ కెర్నెల్‌లోనే (సిస్టమ్ మూల భాగంలోనే) వస్తుంది, ఫుల్ హెచ్‌డీకి కార్డెందుకు?

అసలు దొంగ వాళ్లిచ్చిన నీలం రంగు వీజీఏ కేబుల్. మానిటర్ తనకు ఏ రిజల్యూషన్లు పడతాయో ఈడీఐడీ అనే చిన్న డేటాగా పీసీకి పంపుతుంది, వీజీఏలో అది 12, 15 నంబర్ పిన్నుల మీదుగా వెళ్తుంది. కేబుల్ ఊడదీసి చూస్తే మూడో వరుసలో 12వ పిన్నే లేదు (9వ పిన్ను చాలా కేబుళ్లలో ఉండదు, దానికి కంగారు పడక్కర్లేదు). ఆ డేటా అందకపోతే సిస్టమ్ ఎందుకైనా మంచిదని 1024×768 దగ్గరే ఆగిపోతుంది. వేరే మంచి కేబుల్ పెట్టగానే 1920×1080 దానంతటదే వచ్చేసింది.

వీడియోల్లో చూసి, రిజల్యూషన్ మార్చే ఎక్స్‌రాండర్ కమాండ్లతో కుస్తీ పట్టకండి. ఇప్పటి ఉబుంటు మామూలుగా వేల్యాండ్ (తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి) మీద నడుస్తుంది, అక్కడ దాంతో కొత్త రిజల్యూషన్ కలపడం కుదరదు.

కొనేటప్పుడు ఒక్కటి గట్టిగా పట్టుబట్టండి: మీకిచ్చే కేబుల్‌తోనే ఆన్ చేసి చూపించమనండి. మాకు షాపులో బాగానే కనిపించింది, ఎందుకంటే అది వాళ్ల బల్ల మీది కేబుల్, సంచిలో పెట్టింది వేరేది. అలాగే సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరిచి గ్రాఫిక్స్ దగ్గర ఏముందో చూడండి. అక్కడ ఎల్ఎల్‌వీఎంపైప్ (llvmpipe, గ్రాఫిక్స్ పని ప్రాసెసర్‌తోనే చేయించే సాఫ్ట్‌వేర్) అని ఉంటే అసలు డ్రైవర్ నడవడం లేదని అర్థం, కేబుల్ మార్చినా లాభం ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన నోమోడ్‌సెట్ (nomodeset, గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ఆపేసే) ఆప్షన్ గ్రబ్‌లో (పీసీ ఆన్ కాగానే ఉబుంటుని మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లో) అలాగే వదిలేస్తే కూడా ఇలా అవుతుంది, దాన్ని షాపులోనే తీయించి, రీస్టార్ట్ చేయించి, 1920×1080 కనిపించాకే డబ్బు ఇవ్వండి.